సంగటి మనది కాదా?

బెంగళూరులో "ఆంధ్రా స్టైల్" అన్న బోర్డు లేని పేట నాకైతే తెలియదు. మారతహళ్ళి, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ సంగతి సరే. కన్నడం తప్ప ఇంకో మాట వినపడని పాత సందుల్లో కూడా ఎర్రక్షరాలతో ఆ బోర్డు వేలాడుతూ ఉంటుంది. దాని కింద ఏం దొరుకుతుందో అందరికీ తెలుసు. అరిటాకు, పప్పు, కందిపొడి, నెయ్యి, గోంగూర, పక్కన పచ్చిమిర్చి దట్టించిన చిల్లీ చికెన్, ఇంకా కావాలంటే బిర్యానీ. ఇరవై రెండేళ్ళుగా తింటున్నాను, ఇకముందూ తింటాను. కాబట్టి ఈ పోస్టు ఆ హోటళ్ళ మీద ఫిర్యాదని అనుకోకండి. ఆ బోర్డునే తెచ్చి మన సంఘం వంటింటికి కూడా తగిలించుకున్నామే, నా బాధ దాని గురించి.

వచ్చే ఆదివారం కమిటీ కూర్చుంటోంది, సంక్రాంతి భోజనాల జాబితా ఖాయం చెయ్యడానికి. గ్రూపులో తిరుగుతున్న చిత్తు జాబితా మీరూ చూసే ఉంటారు. పులిహోర, బొబ్బట్లు, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, మామిడికాయ పప్పు (జనవరిలో మామిడికాయ ఎక్కణ్ణించి తెస్తారో క్యాటరర్‌కే తెలియాలి), వెజ్ బిర్యానీ, డబుల్ కా మీఠా. కింద ఒకాయన "ప్యూర్ ఆంధ్రా మెనూ" అని రాసి మూడు దండాలు పెట్టాడు. డబుల్ కా మీఠాని ప్యూర్ ఆంధ్రా అన్నందుకు హైదరాబాదు మిత్రులు ఎందుకు ఊరుకున్నారో తెలియదు. నా పేచీ మాత్రం ఆ "ప్యూర్" అన్న మాటతో.

ఈ ఊళ్ళో తెలుగువాళ్ళంటే ఎవరు? 2011 జనాభా లెక్కల్లో బెంగళూరు అర్బన్ జిల్లాలో మాతృభాష తెలుగని చెప్పినవాళ్ళు నూటికి సుమారు 14 మంది. జిల్లా జనాభా అప్పటికి 96 లక్షలు. అంటే పదమూడు లక్షల పైచిలుకు తెలుగువాళ్ళు. వీళ్ళంతా మనలాగా ఉద్యోగం ఆఫర్ లెటర్ పట్టుకుని రాత్రి బస్సు దిగినవాళ్ళేనా? కాదు. చాలామంది ఎక్కడి నుంచీ రాలేదు, ఇక్కడే ఉన్నారు. ఆనేకల్లు, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు, బాగేపల్లి, గౌరిబిదనూరు, అటు తమిళనాడు వైపు హోసూరు. తరతరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే ఊళ్ళు ఇవి. కైవారం తాతయ్య చింతామణి పక్కన కూర్చుని తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పాడు, ఆ రెండు భాషలూ ఆయనకి ఇంటి భాషలే. విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు మోక్షగుండం, అది మన ప్రకాశం జిల్లా వైపు ఊరు. ఆయన పుట్టింది మాత్రం చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో. ఊరి పేరులోనే ముద్ద ఉంది కదా అని మా ఆవిడ నవ్వుతుంది. అది హాస్యమే లెండి, ఆ ఊరి పేరు కథ నాకు తెలియదు.

ఈ పాత తెలుగువాళ్ళ వంట ఏమిటి? సంగటి. ఇక్కడ ముద్దె అంటారు. దానికి తోడు ఆకుకూర మెదిపి చేసే మస్సొప్పు, ఉడికించిన గింజల నీళ్ళతో పెట్టే బస్సారు, చలికాలంలో అనపగింజలు, ఊరికోడి పులుసు, పండక్కి ఓళిగలు. మన జాబితాలో వీటిలో ఒక్కటీ లేదు. ఈ ఏడే కాదు, నేను సంఘంలో చేరిన పన్నెండేళ్ళలో ఒక్కసారీ లేదు.

మా అపార్టుమెంటులో రెండో అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. చింతామణి పక్క పల్లె. ఇంటిల్లిపాదీ పెద్దమ్మా అని పిలుస్తాం. లిఫ్టులో కనపడితే "ఏం నాయనా, తింటివా?" అని తప్ప ఇంకో పలకరింపు ఉండదు. రెండేళ్ళ కిందట ఆవిణ్ణీ కోడల్నీ ఉగాది కార్యక్రమానికి తీసుకెళ్ళాను. గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న మనవాడొకడు ఆవిడ మాట విని, "ఆంటీ, మీరు కన్నడిగులా?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు పాపం. ఆవిడ "కాదప్పా, తెలుగోళ్ళమే" అన్నారు. భోజనం చేశారు. ఇంటికొచ్చేటప్పుడు కారులో, "బాగుండాది నాయనా. హోటల్ కూడు మాదిరి బాగుండాది. మన కూడే ల్యా" అన్నారు. మరుసటి ఏడు ఆ ఇంటివాళ్ళు సభ్యత్వం కట్టలేదు. అడిగితే కోడలు "మాకక్కడ పొద్దుపోదన్నా" అంది. వాళ్ళ మనవడు ఆరో తరగతి. బడి ఫారంలో మాతృభాష గడిలో కన్నడ అని రాసుకున్నాడు. వాడికి తెలుగు చదవడం రాదు, రాయడం రాదు. ఇంట్లో నానమ్మతో మాట్లాడతాడు, ఆవిడ చేసింది తింటాడు. వాడి దగ్గర తెలుగు మిగిలింది ఆ రెండు చోట్లే.

నేను కమిటీవాళ్ళని అడిగేది ఇదే. ఆ పిల్లవాడు మన సంక్రాంతికి వచ్చి పళ్ళెం చూసుకుంటే అందులో వాళ్ళ నానమ్మ వంట ఒక్కటైనా కనపడొద్దా?

హోటళ్ళ సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే మన జాబితా అక్కణ్ణించే వచ్చింది. రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున 1984లో మొదలైంది. నందిని 1989లో, మేఘన 2006లో. మన ఐటీ వలస ఊపందుకోక ముందే మొదటి రెండూ ఇక్కడ ఆకులు పరిచేశాయి. తరవాత వచ్చిన బ్రహ్మచారి ఇంజినీర్లకి అవి హోటళ్ళు మాత్రమే కావు. నెల మొదట్లో జీతం పడితే నలుగురు కలిసి వెళ్ళే చోటు, పెళ్ళిచూపుల ముందు ఇరు పక్షాల పెద్దల్నీ కూర్చోబెట్టే చోటు, ఉద్యోగం పోయినవాణ్ణి తీసుకెళ్ళి కడుపునిండా తినిపించే చోటు. తెలుగు ముక్క రాని బెంగాలీ మేనేజరు కూడా "పప్పు, పొడి, ఘీ" అని వరసగా అడగడం నేర్చుకున్నాడంటే ఆ హోటళ్ళ చలవే.

నందిని పేరు మీద ఒక కథ ఉంది, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కర్ణాటక పాల సమాఖ్య 1985 నుంచి నందిని పేరుతో పాలు అమ్ముతోంది. మన హోటల్ పేరూ అదే, ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక హెచ్ అక్షరం ఎక్కువ. హోటల్‌వాళ్ళు పేరు రిజిస్టర్ చేసుకోబోతే సమాఖ్య అడ్డుపడింది. అలా అలా సాగి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2018 జులైలో కోర్టు హోటల్ పక్షాన తీర్పిచ్చింది. పాల వ్యాపారం వేరు, భోజన హోటల్ వేరు, రెండు గుర్తులూ చూడ్డానికి ఒకలా లేవు, కాబట్టి రెండూ ఉండొచ్చని. పొద్దున నందిని పాలతో కాఫీ తాగి మధ్యాహ్నం నందినిలో భోజనం చేసినవాళ్ళెవరూ తికమక పడినట్టు నేనైతే వినలేదు. కోర్టు కెక్కకుండానే ఇలాంటి సర్దుబాటు వంటల పేర్లకి ఎప్పుడో జరిగిపోయింది. ఆ సంగతికి వస్తాను.

ఇంతకీ ఈ హోటళ్ళు మనకి చేసిన మేలుతో పాటు ఒక పని కూడా చేశాయి. తెలుగు వంట అంటే ఏమిటో ఊరంతటికీ ఒక నిర్వచనం ఇచ్చేశాయి. కోస్తా భోజనం, దాని మీద హైదరాబాదు బిర్యానీ, దాని పక్కన బారులో నంజుకునే కారం ముక్కలు. ఈ మూడూ కలిపిన వంట నిజానికి బెంగళూరులోనే పుట్టింది. మాది తెనాలి. పచ్చిమిరపకాయ ముద్దలో వేయించిన ఆ ఆకుపచ్చ చిల్లీ చికెన్ మా అమ్మ చేయగా నేను చూడలేదు, మా వీధిలో ఎవరింట్లోనూ తినలేదు. ఇక్కడికొచ్చాకే దాన్ని "మనది" అని పరిచయం చేశారు. బాగుంటుంది, కాదనను. వ్యాపారం చేసేవాడు ఒక్క మాటలో అమ్మాలి, ఆ ఒక్క మాట కారం అయింది. హోటల్‌కి అది చెల్లుతుంది.

ఇంగ్లండులో కూడా ఇదే జరిగింది. అక్కడ "ఇండియన్" అని బోర్డు పెట్టిన కూర హోటళ్ళలో చాలా భాగం నడిపింది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వెళ్ళినవాళ్ళు. అమ్మింది టిక్కా మసాలా, ఇంటికెళ్ళి తిన్నది చేపల పులుసూ అన్నమూ. 2001లో వాళ్ళ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాని అసలైన బ్రిటిష్ జాతీయ వంటకం అన్నాడు. అమ్మేది ఒకటి, తినేది ఒకటి అని ఆ సిల్హెట్‌వాళ్ళకి స్పష్టంగా తెలుసు. మనకే ఆ తేడా పోయింది. హోటల్ మెనూని ఇంటికి తెచ్చుకుని, అదే అసలు వంట అనుకుని, దాంట్లో లేనిదాన్ని "అది కన్నడవాళ్ళది" అంటున్నాం.

ఇప్పుడు వంటల పేర్లు. నాకు ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఓపిక పట్టండి.

పాత కన్నడంలో మాట మొదట ఉన్న "ప" నడిమికాలంలో "హ" అయిపోయింది. మనకి అలాగే ఉండిపోయింది. మన పాలు వాళ్ళ హాలు. పువ్వు హూవు. పండు హణ్ణు. పులి హులి. ఇది చాలామందికి తెలిసిందే. ఇదే తాళం చెవి పట్టుకుని వంటింట్లోకి వెళ్ళండి. మన పులుసులో ఉన్న పులుపు వాళ్ళ హుళి. తెలంగాణలో పోలెలంటారు, వాళ్ళు హోళిగె అంటారు, మధ్యలో రాయలసీమవాళ్ళు ఓళిగలంటారు. మేం కోస్తావాళ్ళం బొబ్బట్లని వేరే దారిలో పోయాం, బెంగళూరులో ఒబ్బట్టు అనేవాళ్ళు మా దారికి దగ్గరగా వచ్చారు. చిత్తూరు, కోలారు వైపు చలికాలంలో చేసే పితికిన పప్పు ఇక్కడ హితికిద బేళె. పాలు పితకడంలో ఉన్న పితకడమే. నానబెట్టిన అనపగింజని రెండు వేళ్ళ మధ్య పెట్టి పితికితే తొక్క చేతిలో ఉండిపోయి పప్పు బయటికి దూకుతుంది. ఒక పని, ఒక మాట, రెండు లిపులు.

మేము అరిసెలన్నదాన్ని చిత్తూరువాళ్ళు అత్తిరసాలంటారు, ఇక్కడివాళ్ళు కజ్జాయ అంటారు. మా చెక్కలు వాళ్ళ నిప్పట్లు. నిప్పట్టు అన్న మాట చిత్తూరు జిల్లాలోనూ ఉంది, చామరాజపేట బేకరీలోనూ ఉంది. మరి నిప్పట్టు ఎవరిది?

మా ఆవిడది ఆదోని. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి జిల్లాని చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, బళ్ళారితో సహా మిగతా చాలా భాగం మైసూరుకి వెళ్ళింది. వాళ్ళ తాతగారు బళ్ళారి జిల్లాలో పడుకుని కర్నూలు జిల్లాలో లేచారని ఇంట్లో చెప్పుకుంటారు. పొద్దున్నే లేచి తిన్నది మాత్రం ముందురోజు తిన్న ఉగ్గానే. నానబెట్టిన బొరుగులు, పుట్నాల పొడి, పచ్చిమిర్చి తాలింపు, పక్కన మిరపకాయ బజ్జీ. గీతకి అటు బళ్ళారిలో దాన్నే వగ్గరణె అంటారు. మా పెళ్ళయిన కొత్తలో మా బంధువులొకరు ఆవిడ చేసిన ఉగ్గాని తిని "కన్నడ టిఫినా అమ్మాయ్?" అన్నారు. ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు. వాళ్ళు ఇంటికొస్తే ఉప్మా చేస్తుంది.

ఈ మధ్య తిన్నవాటిలో నాకు గుర్తుండిపోయినవి కొన్ని చెబుతాను.

కార్తీక మాసం ఆఖరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె. పెద్ద బసవన్న గుడి ముందు రోడ్డు పొడుగునా శనక్కాయల గుట్టలు. కన్నడం, తమిళం, తెలుగు మూడూ ఒకే గుట్ట దగ్గర బేరమాడుతుంటాయి. ఒక ముసలాయన పచ్చికాయలు, ఉడకబెట్టినవి, వేయించినవి మూడు కుప్పలు పోసుకుని కూర్చున్నాడు. నేను కన్నడంలో అడిగాను, ఆయన "తెలుగే మాట్లాడప్పా" అన్నాడు. నా కన్నడం అంత గొప్పగా ఉంటుంది. ఉప్పు నీళ్ళలో ఉడికిన కాయలు పొట్లం కట్టించుకుని గుడి మెట్ల దాకా తింటూ వెళ్ళాం. మన సంఘం కార్తీక వనభోజనాలు సరిగ్గా ఆ ముందురోజే చేసింది. ఊళ్ళో ఇంత పెద్ద కార్తీక తిరునాళ్ళు జరుగుతుంటే మన బస్సులు మాత్రం నలభై కిలోమీటర్ల దూరంలోని రిసార్టుకి పోయాయి. అక్కడ పెట్టిన శనగలు డబ్బాలోవి.

రెండోది, పోయిన వారం పెద్దమ్మగారింట్లో పితికిన పప్పు. ఈ చలికి తొలి అనపకాయలు దిగాయి. కాయ మీద నూనె జిగురు అంటుతుంది చూడండి, ఆ వాసనని ఇక్కడివాళ్ళు సొగడు అంటారు. మంచు బాగా పడితే సొగడు బాగా పడుతుందని పెద్దమ్మ లెక్క. గింజలు రాత్రంతా నానాయి, పొద్దున టీవీ ముందు కూర్చుని ముగ్గురు పితికారు. ధనియాలు, కొబ్బరి, అల్లం, వెల్లుల్లి, చెక్క, లవంగం నూరి, ఉల్లిపాయ వేయించి, ఆ మసాలాలో పప్పు వేసి ఉడికించారు. సంగటి ముద్దలో వేలితో గుంట చేసి అందులో పోశారు. ముద్ద నమలకూడదు, తుంచి పులుసులో ముంచి మింగాలి. నేను రెండో ముద్ద దగ్గర ఆగిపోయాను, ఆవిడ మనవడు మూడు తిన్నాడు. మా రాయలసీమవాళ్ళ సంగట్లో బియ్యమో నూకలో పడతాయి, ఇక్కడి ముద్ద ఉత్త రాగిపిండితో చేస్తారు. ఆ తేడా మీద మా ఆవిడకీ పెద్దమ్మకీ పావుగంట చర్చ నడిచింది. ఎవరూ తగ్గలేదు.

మూడోది నాగార్జునలో, పోయిన నెల ఒక రిటైర్మెంట్ విందు. పప్పు, పొడి, నెయ్యి. దాని గురించి కొత్తగా చెప్పేదేముంది? కడుపు నిండింది.

జనవరి వస్తే అవరెకాయి మేళా ఉండనే ఉంది. వీవీ పురంలో వాసవి కాండిమెంట్స్ వాళ్ళు మొదలుపెట్టినది, కొన్నేళ్ళుగా నేషనల్ కాలేజీ మైదానంలో జరుగుతోంది. అనపగింజలతో దోసె, వడ, సారు, ఆఖరికి జిలేబీ, ఐస్‌క్రీమ్ కూడా. బెంగళూరు చలికాలపు రుచి అంటే పత్రికలన్నీ దీని ఫొటో వేస్తాయి. వీవీ పురం చుట్టుపక్కల ఆర్యవైశ్య కుటుంబాలు చాలావాటిలో ఇంటి భాష ఇప్పటికీ తెలుగే. వాసవి అమ్మవారిది మన పశ్చిమ గోదావరి పెనుగొండ. అంటే ఈ ఊరు తన సొంతమని గర్వంగా చెప్పుకునే పండగ ఒకటి తెలుగు మాట్లాడే వీధుల మధ్య మొదలైంది. మన సంఘం సభ్యుల్లో సగం మంది ఆ మేళాకి వెళ్ళి సెల్ఫీలు పెట్టారు, "కన్నడ ఫుడ్ ఎంజాయింగ్" అని.

ఇక్కడ ఒకటి స్పష్టం చెయ్యాలి, లేకపోతే కామెంట్లలో గొడవ మొదలవుతుంది. అవరెకాయి తెలుగువాళ్ళదని నేను అనడం లేదు. రాగులు దేశంలో అందరికంటే ఎక్కువ పండించేది కర్ణాటక. ముద్దె ఈ నేల తిండి. ఈ ఊళ్ళో ఇప్పుడు భాషల మధ్య వాతావరణం ఎలా ఉందో నాకూ తెలుసు, "మాదే" అన్న మాటతో ఎవరి మనసూ నొప్పించే పని లేదు. నేనడిగేది "మాది కూడా" అన్న రెండు మాటలు. మన చిన్నప్పుడు తెనాలిలో, ఏలూరులో, వరంగల్లులో ఉడిపి హోటల్ ఇడ్లీ తినే పెరిగాం. ఆ ఇడ్లీ మాది కాదని ఎవరూ అనలేదు, ఉడిపివాళ్ళు కూడా అభ్యంతరం పెట్టలేదు.

గ్రూపులో ఈ సంగతి ఎత్తితే మూడు అభ్యంతరాలు వచ్చాయి. పిల్లలు తినరన్నారు. వెజ్ బిర్యానీ కూడా సగం పారేస్తున్నారు, పోయిన ఉగాదికి ఎంగిలి డ్రమ్ములు చూసినవాణ్ణి నేనే. రెండోది, సంక్రాంతికి సంగటి ఏమిటి, అది రోజువారీ తిండి, పేదవాళ్ళ తిండి అన్నారు. ఈ మాట అన్నాయన 2023 చిరుధాన్యాల సంవత్సరమని ఐక్యరాజ్యసమితి ప్రకటించినప్పుడు రాగిజావ మీద నాలుగు ఫార్వర్డులు పంపారు. డబ్బాలో పోసి షుగరుకి మందని అమ్మితే రాగి గొప్పది, ముద్ద చేసి పళ్ళెంలో పెడితే పేదది. ఆయనకి ఇంతకంటే జవాబు చెప్పను.

మూడో అభ్యంతరం అసలైనది. క్యాటరర్‌కి రాదు. నిజమే. నాలుగేళ్ళ కిందట ఇంకో చోట ఒక పెళ్ళిలో సంగటి పెట్టారు. పొద్దున ఎనిమిదింటికి చేసి హాట్ బాక్సుల్లో పెట్టి ఒంటిగంటకి వడ్డించారు. క్రికెట్ బంతి. వందమందికి మించి సంగటి చెయ్యాలంటే వేడివేడిగా అక్కడికక్కడ కట్టెతో కెలికి, చేత్తో ముద్ద తిప్పి పెట్టాలి. అది చేతకావాలి, దానికి భుజబలం కూడా కావాలి. కాబట్టి భోజనం మొత్తం మార్చమని నేను అనడం లేదు. గుత్తివంకాయ ఉండనివ్వండి, పులిహోర ఉండాల్సిందే. వెజ్ బిర్యానీ, డబుల్ కా మీఠా తీసెయ్యండి. ఆ డబ్బుతో ఒక పక్కన పొయ్యి పెట్టి సంగటి, పితికిన పప్పు, మస్సొప్పు. ఇంకో పక్కన ఉగ్గాని, బజ్జీ. అరిసెల పళ్ళెం పక్కన కజ్జాయల పళ్ళెం. తెలంగాణ మిత్రులు సకినాలు తామే తెస్తామన్నారు, వాళ్ళకి దండం.

పెద్దమ్మగారి ఊరి నుంచి పెళ్ళిళ్ళకి సంగటి చేసే ఇద్దరు అక్కచెల్లెళ్ళు వస్తామన్నారు. ఇక్కడే మన సంఘానికి ఒక పాత అలవాటుంది, దాన్ని ముందే ఆపాలి. ఆర్కెస్ట్రావాళ్ళకి అడ్వాన్సు ఇస్తాం, యాంకరమ్మాయికి కారు పంపుతాం, ఊరి నుంచి వచ్చి వంట చేసేవాళ్ళ దగ్గరికొచ్చేసరికి "మన సంస్కృతి సేవ" అంటాం, శాలువా కప్పుతాం. శాలువా వద్దు. రోజుకి ఎంత తీసుకుంటారో అడిగాను, చెప్పారు. క్యాటరర్ హెడ్ కుక్‌కి ఇచ్చేదాంట్లో సగం కూడా కాదు. హెడ్ కుక్‌కి ఇచ్చేదే వీళ్ళకీ ఇవ్వాలి, రానూపోనూ బండి మనమే పెట్టాలి, వాళ్ళ పేర్లు స్పాన్సర్ల పేర్లున్న ఫ్లెక్సీ మీదే ఉండాలి. కమిటీ దీనికి ఒప్పుకోకపోతే సంగటి జాబితాలో పెట్టకపోయినా ఫరవాలేదు.

ఇంకోటి. వంటల దగ్గర పేర్ల అట్టలు తెలుగులోనూ కన్నడంలోనూ రాద్దాం, ఎవరింట్లో ఏ పేరుంటే ఆ పేర్లన్నీ. అరిసెలు, అత్తిరసాలు, కజ్జాయ అని మూడూ ఒకే అట్ట మీద. రాసే పని మా ఇంట్లో పిల్లలకి అప్పజెప్పాను. పెద్దమ్మ మనవడు కన్నడం తాను రాస్తానన్నాడు, తెలుగు అక్షరాలు మా అమ్మాయి చూపిస్తుంది.

ఆదివారం పదకొండింటికి మీటింగ్. ఓటు దాకా రాకుండా తేలితే మంచిదే, రాకపోతే ఓటుకే పెడదాం, వచ్చేవాళ్ళు రండి. సంగటి నెగ్గిందనుకుంటే ఒక చిక్కుంది. మూడు వందల మందికి నలభై కిలోల కాయలు కావాలని పెద్దమ్మ లెక్క వేశారు. మాగడి వైపు రైతు ఒకాయన నేరుగా దించుతానన్నాడు. కాయలు వలిచి, నానబెట్టి, ఒక్కో గింజా పితకాలి, దీనికి మిషను లేదు. పండగ కార్యక్రమానికి రెండు రోజుల ముందు సాయంత్రం వలవడానికి, ముందురోజు పొద్దున పితకడానికి మా సెల్లార్లో చాపలు వేస్తున్నాం. కనీసం ముప్పై మంది కావాలి. కాఫీ, నిప్పట్లు మావి. వచ్చేవాళ్ళు కింద పేరు రాయండి, గోళ్ళు కత్తిరించుకుని రండి.